కొబ్బరి యన్నమును హస్తవాసియు

మన యిండ్లలో వంట కుదిరినప్పుడు "ఆమె హస్తవాసి మంచిది" అనియు, కుదరనప్పుడు "దాని చేతిలో వాసి లేదు" అనియు చెప్పుట వాడుక. వైద్యుని విషయమునను ఈ మాటయే చెప్పుదురు. కాని వైద్యుని మందు పని చేయనిచో మందును గూర్చియో, మోతాదును గూర్చియో ఒక్కరైనను విచారింతురు. అన్నము చిమిడినప్పుడు మాత్రము బియ్యమును గూర్చి గాని, ఎసరును గూర్చి గాని, గిన్నెను గూర్చి గాని యెవ్వరును విచారింపరు. తప్పంతయు చేతి మీదనే పడును. ఆ చేయి తఱచుగా ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలిదో, పెండ్లి కావలసిన పిల్లదో యగును. ఈ మాట అబద్ధమనియు, అన్యాయమనియు, దీనిని పోగొట్టుటకు పాఠశాల తగిన చోటనియు నా యభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా కొబ్బరి యన్నమును తీసికొనుచున్నాను. లెక్కలు చెప్పు ఉపాధ్యాయునికి వంట గొడవ యేల యని కొందఱు తల్లిదండ్రులు నవ్వవచ్చును. నవ్వుదురు గాక.

కొబ్బరి యన్నమను పేరు మనలో రెండు వంటకములకు చెల్లుచున్నది. మొదటిది, వండి ఆర్చిన యన్నములో కోరిన కొబ్బరిని దోరగా వేయించి, సెనగపప్పు, మినపపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసిన పోపుతో కలుపునది. దసరా నవరాత్రులలో నైవేద్యముగా పెట్టునది ఇదియే. రుచి గలదే కాని, ఇందులో అన్నము వేఱుగను కొబ్బరి వేఱుగను సిద్ధమగును గనుక పెద్ద చిక్కు లేదు. పులిహోర కలుప నేర్చినవారు దీనిని కలుపగలరు. నన్నడిగినచో దీనిని కొబ్బరి కలిపిన యన్నమందును గాని కొబ్బరి యన్నమనను. రెండవది, కొబ్బరి పాలలోనే బియ్యము నుడికించునది. ఆదివారములందును పండుగలందును కోడికూరతోనో గుత్తివంకాయ కూరతోనో వడ్డించునది. కొందఱు కొబ్బరి పలావందురు. నేను చెప్పబోవునది దీనిని గూర్చియే. మెతుకు మెతుకుకు విడిపోవలెను, వ్రేలితో నొక్కినచో మెత్తగా నణగవలెను, చేతికి జిగురంటరాదు. చెప్పుటకు ఇంతే. చేయుటలో నా యెదుటనే యొక సంసారమునకు చిక్కు వచ్చినది.

నా పండ్రెండవ యేట, 1984 వ సంవత్సరపు సంక్రాంతికి, మా పెద్దక్క వివాహమైన పిదప మొదటిసారిగా బావగారును, ఆయన తల్లిదండ్రులును, మఱి కొందఱు చుట్టములును మా యింటికి వచ్చిరి. మాది గోదావరి కాలువల క్రింది పల్లెటూరు. కనుమ నాటి మధ్యాహ్నము కొబ్బరి యన్నమును కోడికూరయు చేయవలెనని నిశ్చయమైనది. కూర అమ్మ చేయునట్లును, అన్నము అక్క వండునట్లును ఏర్పాటు. అత్తవారి యెదుట తన నేర్పు చూపవలెను గదా. అమ్మ నన్ను బిలిచి, అటక మీది పాత బియ్యపు బస్తాలో నుండి బియ్యము దింపుమనెను. అటక యెక్కుటకు పెరటిలోని నిచ్చెన తెచ్చి వేయవలెను. వీధిలో పిల్లలు గాలిపటము లెగురవేయుచుండిరి. నేను నిచ్చెన జోలికి పోక, ఆ నెలలోనే మిల్లు నుండి వచ్చి వసారాలో నున్న క్రొత్త బియ్యపు బస్తా విప్పి, అందులోనివే కొలిచి యిచ్చి పరుగెత్తితిని. బియ్యము బియ్యమే గదా యనుకొంటిని.

పదునైదుగురు విస్తళ్ల ముందు కూర్చున్న తరువాత ఇత్తడి గుండిగ మూత తీసిరి. పైన ముద్ద, నడుమ జావ, అడుగున మాడు. అక్క అత్తగారు ఒక ముద్ద నోట బెట్టుకొని, "పోనీలెండి వదినగారూ, మీ అమ్మాయి చేతికి ఇంకా వాసి రాలేదు" అనినది. దయగానే యన్నది. కాని ఆ మాట అక్కతో గూడ అత్తవారింటికి పోయినది. చాల యేండ్ల వఱకు చుట్టములు వచ్చిన దినమున అన్నపు గిన్నె ఆమె చేతి కీయలేదు. ఆమె ఉల్లిపాయలు తరిగెడిది, గిన్నెలు తోమెడిది. నేను నోరు విప్పలేదు. మొదట భయము చేతను, తరువాత సిగ్గు చేతను, పిమ్మట మఱచితినను నెపము చేతను.

బియ్యము బియ్యమే యనుకొనుట ఎంత తప్పో నాకు చదువు చెప్పినది గాని యిల్లు చెప్పలేదు. బియ్యపు గింజలో నాలుగింట మూడు వంతులకు పైగా పిండిపదార్థము. ఆ పిండిపదార్థము రెండు విధములు: అమైలోజు, అమైలోపెక్టిను. అమైలోజు హెచ్చుగా నున్న గింజ విడివిడిగా ఉడుకును. తక్కువగా నున్నది అంటుకొనును. అస్సాము దేశపు బోరా బియ్యములో అమైలోజు మిక్కిలి స్వల్పము గనుక అది ఎవరు వండినను జిగురుగానే యుండును. అక్కడి ఇల్లాండ్ర చేతిలో వాసి లేదందుమా? మనము నేడు హెచ్చుగా తినుచున్న సాంబ మసూరి, అనగా 1986 లో బాపట్ల పరిశోధనా స్థానము నుండి వెలువడిన బి.పి.టి. 5204 రకము, సన్నని గింజ. నిలువ చేసినచో చక్కగా విడివిడిగా ఉడుకును.

నిలువ చేసినచో ననుట ముఖ్యము. ధాన్యము కోసిన పిదప నెలలు గడచుకొలది గింజ గట్టిపడును. పాత గింజ నీటిని హెచ్చుగా త్రాగును, హెచ్చుగా పొంగును, తన పిండిని తనలోనే నిలుపుకొనును. క్రొత్త గింజ త్వరగా మెత్తబడి చిట్లి, పిండిని ఎసరులోనికి విడిచివేయును. ఆ పిండియే జిగురు. కనుకనే మన పెద్దలు క్రొత్త బియ్యమును పొంగలికిని పరమాన్నమునకును వాడి, అన్నమునకు పాత బియ్యమును వెదకిరి. అంగడిలో పాత బియ్యమునకు ధర హెచ్చుగా నుండుటకును కారణమిదియే.

అయితే క్రొత్త బియ్యముతో నాడు ఉత్త అన్నమే వండియున్నచో ఇంత యల్లరి జరిగియుండదు. మన తల్లులు దినదినము వండు అన్నమునకు ఎసరు ఖచ్చితముగా కొలవవలసిన పని లేదు. నీరు ధారాళముగా పోసి, మెతుకు పలుకు విడువగానే సిబ్బి మూసి గంజి వార్చివేయుదురు. హెచ్చైన నీరు గంజితో పోవును; ఎసరులోనికి దిగిన పిండియు దానితోనే పోవును. లెక్కలోని తప్పునెల్ల క్షమించు పద్ధతి యిది. కొబ్బరి పాలతో వండునప్పుడు ఈ క్షమ లేదు. వార్చినచో పాలే పోవును. కాబట్టి అత్తెసరు పెట్టియే వండవలెను. బియ్యము త్రాగగలిగినంతయే పోసి, ఇగిరించి, ఉమ్మగిలనీయవలెను. ఏండ్ల తరబడి అన్నము చక్కగా వార్చిన ఇల్లాలు కూడ కొబ్బరి యన్నమున తడబడుట ఇందువలననే.

గంజి వార్చుటలో మఱియొక నష్టమున్నది. నీటిలో కరుగు విటమినులు, ముఖ్యముగా థయమిను, దానితో పోవును. మఱ పట్టి తెల్లగా చేసిన బియ్యమును తినువారికి బెరిబెరి వ్యాధి వచ్చుటకు ఈ లోపమే మూలము. జావా ద్వీపమున డచ్చి వైద్యుడు ఐక్మన్ తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుట చూచి యీ జాడ పట్టెను. 1929 లో ఆయనకు నోబెల్ బహుమానమిచ్చిరి. ఒకప్పుడు మన కోస్తా జిల్లాలలో బెరిబెరి కనబడుచుండెడిది. వెనుకటి యిండ్లలో గంజిని త్రాగుటయో, గేదె కుడితిలో కలుపుటయో, బట్టలకు పెట్టుటయో యుండెడిది. నేడు పట్టణములలో అది తూములోనికి పోవుచున్నది. అత్తెసరు నేర్చుటకు ఇదియు నొక కారణము.

ఇక కొబ్బరి సంగతి. అంబాజీపేట సంతలో కాయ లెంచువారిని చూచినచో, కాయను చెవి దగ్గఱ ఊపి నీరు కదలు చప్పుడు విందురు. ముదురు కాయ కావలెను; లేత కొబ్బరిలో కొవ్వు తక్కువ, పాలు పలుచన. కొబ్బరిని కోరాముతో కోరి, వేడినీళ్లు చిలుకరించి రుబ్బి, పలుచని గుడ్డలో పిండినచో మొదటి పాలు వచ్చును. ఆ పిప్పిలో మరల వేడినీరు పోసి పిండినచో రెండవ పాలు. ఈ రెండిటిని ఒకటే యనుకొనుట రెండవ పెద్ద తప్పు. మొదటి పాలలో కొవ్వు హెచ్చు, నీరు తక్కువ. బియ్యము నుడికించునది నీరు గాని కొవ్వు గాదు. రుచి కోరి గ్లాసు నీటికి బదులుగా గ్లాసు చిక్కని పాలు పోసినవారు బియ్యమును దాహముతో నుంచినవారే. పైమెతుకు పలుకుగా నుండును. అడుగున పాలలోని చక్కెరయు మాంసకృత్తులును మాడును. మాడినది కనబడి మరల నీరు పోయుదురు; అప్పుడది జావయగును. పైగా చిక్కని పాలు చాలసేపు తెర్లినచో విరిగి నూనె తేలును.

కొలత గూర్చి మా తరగతిలో త్రైరాశికము చెప్పునప్పుడు ఈ ప్రశ్న వేయుచుందును: ఒక గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీరు కావలసినచో పదునైదు గ్లాసుల బియ్యమున కెంత? పిల్లలందఱు ముప్పది యందురు. లెక్కకు సరి; వంటకు తప్పు. పోసిన నీటిలో కొంత మెతుకు త్రాగును, కొంత ఆవిరియై పోవును. మెతుకు త్రాగు నీరు బియ్యముతో బాటు పెరుగును. ఆవిరియగు నీరు మాత్రము గిన్నె నోటి వెడల్పును, మూత బిగువును, పొయ్యి మీద నున్న కాలమును బట్టి యుండును గాని బియ్యమును బట్టి యుండదు. కనుక పదునైదు గ్లాసులకు ముప్పది పోసినచో ముద్దయే. ఆవిరిని దాదాపు బయటికి పోనీయని కుక్కరులో నీరు తక్కువ పట్టుటయు ఇందుకే.

ఇక్కడ మా నాయనమ్మను తలచుకొనకుండ ఉండలేను. ఆమె గ్లాసుతో నీరు కొలువలేదు. బియ్యము గిన్నెలో సమముగా సర్ది, దానిపై చూపుడువ్రేలు నిలిపి, మొదటి గణుపు వఱకు నీరు పోసెడిది. గిన్నెలో బియ్యమెంత యున్నను అదే గణుపు. చిన్నప్పుడు ఇది అజ్ఞానమనుకొంటిని. ఆలోచింపగా ఆమెయే త్రైరాశికమును దాటినది. మెతుకుల సందున నిండు నీరు బియ్యముతో పెరుగును. పైన నిలుచు గణుపెత్తు నీరు గిన్నె వెడల్పుకు తగినట్లుండును. వాసియని లోకులు మెచ్చిన ఆ చేతిలో నున్నది కొలబద్ద.

నేను వండు విధమిది. ఏడాది పాత సన్నబియ్యము రెండు గ్లాసులు. నీరు తేటపడు వఱకు కడిగి, అరగంట నానబెట్టి, చిల్లుల గిన్నెలో వడగట్టవలెను. ఒక ముదురు కాయ నుండి మొదటి పాలు ఒక గ్లాసును, రెండవ పాలు రెండున్నర గ్లాసులును తీయవలెను. అడుగు మందమైన గిన్నెలో నేయి వేడి చేసి, దాల్చినచెక్క, లవంగములు, యాలకులు, తరువాత చీలికలుగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలు, అల్లము వెల్లుల్లి ముద్ద, పుదీన వేయించి, బియ్యము వేసి రెండు మూడు నిమిషములు మెల్లగా త్రిప్పవలెను; నేయి గింజకు పట్టును. రెండవ పాలును ఉప్పును వేసి తెర్లనిచ్చి, పాలు బియ్యపు మట్టమునకు దిగగానే మొదటి పాలు చుట్టును పోసి, అట్లకాడతో అడుగు నుండి ఒక్కమారు కదిపి, మూత బిగించి, మంట మిక్కిలి తగ్గించవలెను. పండ్రెండు, పదునైదు నిమిషములలో ఇగురును. పొయ్యి ఆర్పిన తరువాత పది నిమిషములు మూత తీయరాదు. ఇదియే కష్టమైన భాగము. మూత తీసి చూచిన ప్రతిమాఱు, పైమెతుకు నుడికింపవలసిన ఆవిరి మన ముఖమునకు తగిలి పోవును. క్రొత్త బియ్యమే గతియైనచో నానబెట్టుట మాని, పాలు గ్లాసుకు గ్లాసున్నరకు మించకుండ పోయవలెను.

విద్యుత్తుతో నడచు అన్నపు గిన్నె యున్నచో నింత శ్రమ యేల యని అడుగవచ్చును. దానిని 1955 లో జపానులో తోషిబా వారు విక్రయమునకు తెచ్చిరి. అడుగున విడినీరున్నంతసేపు వేడిమి నూరు డిగ్రీలకు మించదు. నీరు ఇంకగానే పైకెగబ్రాకును. అది తెలిసికొని మీట తనంతట తాను ఆగును. భౌతికశాస్త్రపు చిన్న పాఠము చేత అన్నము మాడకుండ చేసినారు. కాని ఆ యంత్రమునకును ఎంత పోయవలెనో మనమే చెప్పవలెను.

ముద్దయగుటయే పాపమని నా మాటకు అర్థము కాదు. సింహళీయులు కొబ్బరి పాలతో కిరిబత్ అను అన్నము వండి, మెత్తగా అదిమి, ముక్కలుగా కోసి నూతన సంవత్సరమున పంచుకొందురు. అది ముద్దగా లేకున్ననే తప్పు. మలేసియాలో స్థిరపడిన మన తెలుగువా రెఱిగిన నాసి లెమాక్ విడివిడిగా నుండవలెను. ఏది కావలెనో తెలిసి, దానికి తగిన బియ్యమును, కొలతను ఎన్నుకొనుటయే వంట.

ఇక పాఠశాల మాట. గృహవిజ్ఞానమనగానే బాలికలను ఒక గదికిని, బాలురను ఆటస్థలమునకును పంపు అలవాటు ఇంకను పెక్కుచోట్ల పోలేదు. దీనివలన బాలురకు వంట రాకపోవుట యొకటే నష్టమైనచో నేనింత వ్రాయకపోదును. ఇంటరు చదువునకు విజయవాడకును, ఉద్యోగములకు హైదరాబాదు, బెంగుళూరులకును, గల్ఫు దేశములకును పోవు మన పిల్లలు అవసరము వచ్చి ఎట్లో వండుకొందురు. పెద్ద నష్టము వేఱు. ఎన్నడును గిన్నె పట్టనివాడు గిన్నెలో జరిగినదానికి చేతిని నిందించును. విజ్ఞాన ప్రదర్శనమున ప్రతియేడు అగ్నిపర్వతపు బొమ్మ చేసి పొగ పుట్టించుచున్నాము. ఒక్క యేడు దానికి బదులుగా మూడు గిన్నెలు పెట్టుదము. ఒకటిలో క్రొత్త బియ్యము, ఒకటిలో పాత బియ్యము, రెండిటికి సమానముగా రెండవ పాలు. మూడవదానిలో పాత బియ్యమే, కాని అంత కొలతయు చిక్కని పాలు. వండువారు మూడు చోట్ల నొక్కరే కావలెను, బాలుడైనను సరియే. తల్లిదండ్రులు, అత్తమామలు వచ్చి మూడు మూతలను తీసి చూతురు గాక. ఒక్క చేయి మూడు విధములుగా వండినప్పుడు వాసి యెక్కడికి పోయెనో అప్పుడడుగుదము.

వ్యాసము ఇచ్చట ముగించి, ప్రతిని మా యింట నుంచి, గత సంక్రాంతికి అక్క యింటికి పోయితిని. ఆమె కిప్పుడు కోడండ్రున్నారు. అన్నము నేను వండుదునంటిని. అందఱు వేడుక చూచిరి. బియ్యము వడగట్టుచు, నలువది యేండ్లు దాటిన నా నేరమును అక్కకు చెప్పితిని: అటక యెక్కలేదనియు, వసారాలోని క్రొత్త బియ్యము తెచ్చితిననియు, ఆ వాసి లేని చేయి నాదే గాని నీది కాదనియు. ఆమె చాటలోని పుదీన యేరుట మానలేదు.

"నాకు తెలుసురా. కడిగేటప్పుడే తెలిసింది. కుడితి తెల్లగా పాలలాగ వచ్చింది. ఎసరు తగ్గించాను గాని చాలలేదు" అనినది.

"తెలిసి యేల చెప్పలేదు? బియ్యము మార్పించియుండవచ్చును గదా!"

"మార్చమంటే ఎవరు తెచ్చారని అడిగేవారు. పండుగ పూట అంతమంది ముందు నీ వీపు మోగేది. ముద్దైతే ఒక మాటంటారు, పోతుంది అనుకున్నాను."

నేను వ్రాసిన వ్యాసములో ఈ సంగతికి చోటు లేదు. తెలియకపోవుట వలననే ఇంత జరిగినదని నిరూపించుటకు ఇన్ని పుటలు వ్రాసితిని. తెలిసినవారు వంటయింటిలోనే యుండిరి. అందుచేత ఈ చివరి భాగమును ఇంటికి వచ్చిన తరువాత చేర్చితిని. పైన వ్రాసినది కొట్టివేయలేదు. మూడు గిన్నెలు పెట్టవలెననియే ఇప్పటికిని నా కోరిక. అయితే బియ్యము క్రొత్తదని చెప్పగలిగిన పిల్ల మాటను ఎవరు విందురో, ఆ మాట చెప్పినందుకు ఎవరి వీపు మ్రోగునో, అదియు పిల్లలతో ముచ్చటింపవలసినదే.

ఆనాడు పది నిమిషములు ఆగి మూత తీసితిని. మెతుకులు విడివిడిగానే యున్నవి. అక్క ఒక మెతుకు వ్రేళ్ల నడుమ నొక్కి చూచి, నోట వేసికొని, ఉప్పు తక్కువైనదని చెప్పి, అడుగున ఎఱ్ఱగా కాగిన పొరను గరిటెతో గీకి నా విస్తరిలో వేసినది.